పాఠశాలలును మతబోధయు

ప్రజల ధనముతో నడుచు పాఠశాలలయందు బాలబాలికలకు మతమును బోధింపవలెనా, వలదా యను ప్రశ్నము మన దేశమునకుఁ గ్రొత్తది కాదు. ఇది రమారమి రెండు శతాబ్దములనుండి తఱచుగాఁ దల యెత్తుచున్నది. ఒక తరమువారు సమాధానము చెప్పి యూరకుండఁగానే మఱియొక తరమువారు మరల నడుగుచున్నారు. యువకులయందు వినయము సన్నగిల్లినదనియు, పరీక్షలయందుఁ గృతార్థులగువారు పెక్కండ్రున్నను బ్రతుకున సత్యము నవలంబించువా రరుదనియు, దీని కంతటికిని బడిలో దేవుని పేరు వినఁబడకపోవుటయే కారణమనియు పెద్దలు వగచుట మనము వినుచునే యున్నాము. ఈ వగపు నిష్కారణమైనది కాదు. ఈశ్వరుఁ డొక్కఁడే యనియు, ఆయనను సత్యముతోను ప్రేమతోను సేవించుటవలననే మానవజన్మము సార్థకమగుననియు నమ్మిన మేము దీనిని తేలికగాఁ ద్రోసిపుచ్చఁజాలము. మతబోధ కావలెనని మొట్టమొదట చేయెత్తవలసినవారము మేమే యని కొందఱు తలంపవచ్చును. అయినను విచారించినకొలఁదిని మాకు వేఱొక నిశ్చయము కలుగుచున్నది. మతము మిక్కిలి విలువగల దగుటచేతనే దానిని ప్రభుత్వమువారి బడిలో విధిపాఠముగాఁ జేయరాదని మా యభిప్రాయము. దానికిఁ గల హేతువులను చదువరుల సమక్షమున నుంచుచున్నాము.

ముందుగా మాటల యర్థమును తేల్చుకొనుట యావశ్యకము. మతబోధ యను నొక్క పేరుక్రింద మూఁడు వేర్వేఱు విషయములను జనులు కలిపి మాటలాడుచున్నారు. మొదటిది విశ్వాసబోధ: దేవుఁ డిట్టివాఁడు, ఇట్లు పూజింపవలెను, ఈ గ్రంథము ప్రమాణము అని బాలునిచేత నొప్పించుట. రెండవది నీతిబోధ: సత్యము పలుకుము, దయగలిగి యుండుము, ఒరుల సొమ్ము ముట్టకుము అని యలవఱచుట. మూఁడవది మతములనుగూర్చిన తెలివి: లోకమున నే జనులు ఏమి నమ్మిరి, ఎవరు బోధించిరి, వానివలన నే మార్పులు కలిగినవి యను చరిత్రము. ఈ మూఁటిని విడఁదీయనంతవఱకు వాదమునకుఁ గడపల లేదు. మూఁడవదాని నడుగువానికి మొదటిది కావలెనని యెదిరి యనుకొనును. మొదటిదానిని వలదనువాఁడు రెండవదానినిగూడ వలదనుచున్నాఁడని లోకము నిందించును.

విశ్వాసబోధ కావలెననువారి వాదమును న్యాయముగా వినిన పిమ్మటనే ప్రత్యుత్తర మీయవలెను. వారు చెప్పునది మూఁడు విధములుగా నున్నది. మతము లేని నీతి వేరులేని చెట్టువంటిదనియు, గాలి వీచినప్పుడే కూలుననియు నొకమాట. బిడ్డలను బడికిఁ బంపు తల్లిదండ్రులలో నధికసంఖ్యాకు లే మతమువారో యా మతమును బోధించుట ప్రజాభీష్టమును నెఱవేర్చుటయే యనునది రెండవ మాట. ఇఁక మూఁడవది, మన భాషయు, మన కావ్యములును, మన పండుగలును మతముతో ముడివడియుండఁగా దానిని బడి గుమ్మమువెలుపల నిలువఁబెట్టుట యసాధ్యమనుట. ఈ మూఁటిలో నేదియు హాస్యాస్పదము కాదు.

అయినను విశ్వాస మనఁగా నేమి? అది మనస్సు స్వేచ్ఛగా సత్యమునకుఁ దల వంచుట. ఆజ్ఞచేత వంచిన తల వంగిన తలయే కాని, విశ్వాసము కాదు. పెద్దవాఁ డొక ప్రసంగమును విని నచ్చకున్న లేచిపోవచ్చును. బడిలోని పిల్లవానికి లేచిపోవు స్వాతంత్ర్యము లేదు. ఉపాధ్యాయుని దయ, తరగతిలోని తోడివారి మెప్పు, పరీక్షలోని గుణములు, ఇవన్నియు నొక్కప్రక్కనే తూఁగుచుండును. అట్టి స్థితిలో వాని యింట లేని దేవుని పేరు పలుకుమని చెప్పినచో వాఁడు రెండింటిలో నొకటి నేర్చుకొనును: మనస్సులో లేనిదానిని నోటితో ననుట నేర్చును, లేదా తాను తక్కినవారివంటివాఁడు కాననియు, ఈ బడి తనది కాదనియు నేర్చును. మొదటిది కపటము, రెండవది పగకు విత్తనము. దేవుని పేరిట కపటము నేర్పు పాఠముకంటె దేవుని పేరు లేని పాఠమే దేవునికిఁ బ్రియతర మని మేము నమ్ముచున్నాము.

ఇష్టము లేనివారిని వెలుపలికిఁ బోనిత్తుము గదా, బలవంత మెక్కడిదని కొంద ఱడుగుదురు. ఒక గ్రామమున నలువదిమంది పిల్లలు ప్రార్థన చేయుచుండఁగా నొక్క పిల్లవాఁడు వసారాలో నిలువఁబడి యున్నాఁడని యూహింపుఁడు. వాని నెవ్వరును కొట్టలేదు, తిట్టలేదు. అయినను ప్రతిదినమును ఆ పది నిమిషములలో నాతఁడు నేర్చునదియు, వానిని కిటికీలోనుండి చూచుచున్న నలువదిమంది నేర్చునదియు నేమి? అనుమతి కోరి తొలఁగిపోవు హక్కు మంచిదే. కాని దానిని వినియోగించుకొనుటకుఁ గావలసిన ధైర్యమును తొమ్మిదేండ్ల బిడ్డనుండి యాశించుట న్యాయము కాదు. అట్టి ధైర్యముగల బిడ్డ లెప్పుడేని కనఁబడినచో వారికి రాజ్యమే యండ గావలెను. 1985లో కేరళమున ముగ్గురు బిడ్డలు బడిలో జాతీయగీతము పాడుచుండఁగా మర్యాదతో నిలువఁబడియుండిరి కాని, తమ మతవిశ్వాసము నొప్పదని నోరు కదపరైరి. వారిని బడినుండి తొలఁగించిరి. 1986లో సర్వోన్నత న్యాయస్థానమువారు ఆ బిడ్డలను మరలఁ జేర్చుకొనవలసినదని తీర్పు చెప్పిరి. ఒక దేశముయొక్క గొప్పతనము దాని సేనలయందుకంటె నిట్టి తీర్పులయందే యెక్కువగాఁ గానవచ్చును.

అధికసంఖ్యాకుల యభీష్ట మను వాదమునకు మన చరిత్రమే సమాధానము చెప్పుచున్నది. 1846లో చెన్నపురి గవర్నరగు ట్వీడేలు ప్రభువు సర్కారు పాఠశాలలలో బైబిలును తరగతిపుస్తకముగాఁ బ్రవేశపెట్టవలెనని తలపెట్టెను. ఆయన దురుద్దేశముతో నట్లు చేసెనని మే మనము. తన మతమునకు మించిన నీతిమూలము లేదని యాయన నిజముగా నమ్మియుండవచ్చును. చెన్నపురిలో నివసించుచుండిన తెలుఁగువాఁడు గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు 1844లో స్థాపించిన క్రెసెంటు పత్రికద్వారమున నీ ప్రయత్నము నెదిరించెను. పురజనులు సభ చేసి సీమలోని కంపెనీ డైరక్టర్లకు మొఱ పెట్టుకొనిరి. 1847లో డైరక్టర్లు గవర్నరుగారి యాలోచనను నిరాకరించిరి. 1854లో వుడ్డు దొర పంపిన విద్యాశాసనము సర్కారు బడులలో లౌకికవిద్యనే చెప్పవలెనని విధించి, బైబిలును గ్రంథాలయమున నుంచవచ్చుననియు, కోరిన విద్యార్థులు స్వేచ్ఛగాఁ జదువుకొనవచ్చుననియు నిర్ణయించెను.

ఈ వృత్తాంతములో మన పూర్వులు వాదించిన ధర్మ మేది? పాలించువారి మతము మంచిదా చెడ్డదా యనునది వారి వాదము కాదు. పన్ను చెల్లించువా రందఱును, బడి యందఱిది. అట్టి బడిలోఁ గొందఱి మతమును బోధింపరా దనునదే వారు నిలువఁబడిన పునాది. ఆ దినమున రాజ్యాధికారము మన చేతిలో లేదు గనుక నా ధర్మము మనకు మిక్కిలి స్పష్టముగాఁ గనఁబడినది. అధికారము మన చేతికి వచ్చిన పిమ్మట నదే ధర్మము మసకబాఱిన ట్లగుపించినచో, మాఱినది ధర్మము కాదు, మన చూపు. దుర్బలుఁడుగా నున్నప్పు డడిగిన న్యాయమును బలవంతుఁ డైన పిమ్మట నితరుల కీయనివాఁడు న్యాయమును ప్రేమించినవాఁడు కాఁడు. తన మేలును మాత్రమే ప్రేమించినవాఁడు. 1950వ సంవత్సరము జనవరి 26వ తేది నమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 28వ యధికరణమున, కేవలము రాజ్యధనముతో నడుచు విద్యాలయములలో మతబోధ జరుగరాదని శాసించినది. ప్రభుత్వముచేత గుర్తింపఁబడినవియు, ధనసహాయము పొందునవియు నగు తక్కిన బడులలోఁ గూడ బాలుని సంరక్షకుని సమ్మతి లేక మతబోధలోఁ గాని పూజలోఁ గాని పాల్గొనఁజేయరా దనినది. 1846నాఁటి మొఱకు మన ప్రతినిధులే వ్రాసికొన్న యుత్తరువిది.

ఇచట నొక యాక్షేపణము రావచ్చును. 1830లో డఫ్ దొర కలకత్తాలోఁ దన పాఠశాలను పెట్టినప్పుడు బ్రాహ్మసమాజ సంస్థాపకుఁడగు రామమోహనరాయలే యాతనికి స్థలమును సంపాదించి యిచ్చి, పిల్లలను పిలిపించి, బైబిలు చేతఁబట్టుటకు జంకిన బాలురకు ధైర్యము చెప్పెను గదా. అట్టి మహాత్ముని యనుయాయులు మతగ్రంథములను బడినుండి వెడలఁగొట్టుమనుట తగునా యని. ఆ కథ సత్యమే. సమాజమువారు తమ నూతనమందిరమునకుఁ బోఁగా ఖాళీయైన యద్దెయింటిలోనే యా పాఠశాల మొదలయ్యెను. తాను ఖురాను పఠించియు మహమ్మదీయుఁడు కాలేదని రాయలు బాలురకు నచ్చఁజెప్పి, చదివి మీరే విచారించుకొనుఁడని హితవు చెప్పెనఁట. కాని యా బడి సర్కారుది కాదు. దానికిఁ బిల్లలను పంపుటయు మానుటయు తల్లిదండ్రుల యిష్టము. అంతకంటె ముఖ్యమైనది, విచారించుకొనుమను నా తుదిమాట. నమ్ముమని యాయన చెప్పలేదు, చదువుమనెను. ఈ రెండు మాటలకు నడుమనున్న దూరమే మే మీ వ్యాసమునఁ జెప్పఁదలఁచిన దంతయు.

ఇంతవఱకు నితరుల మతములనుగూర్చి మాటలాడితిమి. ఇఁక మన మతమునే త్రాసులో వేయవలెను. మనవంటివారి కొక ప్రలోభము కలదు. ఒక శాఖకుఁ జెందిన మతము వలదు సరే, సర్వమతములకును సామాన్యమగు నేకేశ్వరభక్తిని మాత్రము బోధింపరాదా? విగ్రహము లేని, పురోహితుఁడు లేని, ఏ గ్రంథమును విధింపని చిన్న ప్రార్థన యెవ్వరి మనస్సు నొప్పించును? ఈ యాలోచన క్రొత్తది కాదు. 1882లో హంటరు దొర యధ్యక్షతను గూడిన విద్యావిచారణసంఘమువారు సహజమతముయొక్క మూలసూత్రములపై నాధారపడిన నీతిగ్రంథ మొకటి వ్రాయించి కళాశాలలలోఁ బఠింపఁజేయవలెనని సూచించిరి. ఆ సంఘమునందే సభ్యులగు కాశీనాథ త్ర్యంబక తెలంగుగారు దీనికి సమ్మతింపక తమ భిన్నాభిప్రాయమును వ్రాసిరి. ప్రభుత్వమువారును ఆ సూచన నంగీకరింపలేదు.

సహజమతమని వారు పేర్కొనినది మన విశ్వాసమునకు మిక్కిలి సమీపమైనది. అట్లయ్యు తెలంగుగారి పక్షమే న్యాయమని మేము చెప్పవలసియున్నది. ఏలయన, మనకు సామాన్యముగాఁ దోఁచునది యందఱికిని సామాన్యము కాదు. సృష్టికర్త నంగీకరింపని జైనునకును బౌద్ధునకును మన చిన్న ప్రార్థనయు నొక పరమతమే. మూర్తియందు భగవంతుని దర్శించు భక్తురాలి బిడ్డకు, మూర్తిని విడిచిన ప్రార్థన తన తల్లిని తప్పుపట్టినట్లు తోఁపవచ్చును. నిరీశ్వరవాది బిడ్డ మాట చెప్పనక్కఱయే లేదు. మన మతము శ్రేష్ఠమని మనము నమ్ముదము, వాదింతము, దానికై కష్టపడుదము. కాని మన మతము మతమే కాదనియు, కావున దానికి నియమము వర్తింపదనియు ననుకొనుట యహంకారము. తనకు మేలు చేయు నన్యాయమునుగూడ నన్యాయమనఁగలిగినప్పుడే ధర్మబుద్ధి నిజమైనదని తేలును.

నీతికి మతమే వేరనువారి మాటను గూర్చి యిప్పుడు విచారింతము. ఈశ్వరభక్తి నీతికి గొప్ప యూఁత యని మా యనుభవము. దానిని మేము దాఁచము. కాని యది లేనివానికి నీతి యుండదని చెప్పుటకు మాకు నోరాడదు. గోరా యని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు నిరీశ్వరవాదమును ప్రకటించుటచేత 1933లోఁ గాకినాడ కళాశాలలోని యుద్యోగమును గోల్పోయిరి. 1940లోఁ గృష్ణామండలమునందలి ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించి, యస్పృశ్యతను రూపుమాపుటకై సహపంక్తిభోజనములు నడపి, తమ బ్రతుకును ధారవోసిరి. దేవుని పేరు దినమునకు నూఱుమాఱులు పలుకుచు, తోడిమానవునికి బావినుండి కడవెఁడు నీళ్లు తోడుకొననియ్యనివారిని మన మెఱుఁగుదుము. వీరిలో నీశ్వరుని యాజ్ఞను పాలించినవా రెవరు? ఈ ప్రశ్నమునకు సమాధానము చెప్పుటకు సిద్ధాంతగ్రంథ మక్కఱలేదు.

నీతి పాఠమువలన నబ్బునది తక్కువ, సహవాసమువలన నబ్బునది యెక్కువ. రఘుపతి వేంకటరత్నము నాయుఁడుగారు 1904 మొదలు 1919 వఱకుఁ గాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకుఁ బ్రధానాచార్యులుగా నుండిరి. వారు విద్యార్థులకు నేర్పినది యాంగ్లసాహిత్యము. అయినను శుభ్రవస్త్రము, శుభ్రజీవితము, బాలికలకును పంచమబాలురకును విద్యాద్వారము తెఱువవలెనను పట్టుదల, ఇవన్నియు నా యాచార్యునిఁ జూచి నేర్చుకొనిన శిష్యులు తెలుఁగునాఁట పెక్కుమంది. ఉపాధ్యాయుని బ్రతుకే నీతిగ్రంథము. దానికి ముద్రణాలయ మక్కఱలేదు. అట్లే బడి నడవడియు నొక పాఠమే. మానవులందఱు సమానులని పలకపై వ్రాయించి, మధ్యాహ్నభోజనమునకుఁ బిల్లలను కులమునుబట్టి విడఁదీసి కూర్చుండఁబెట్టు బడి యేమి బోధించినట్లు? పిల్లలు పలకను చెఱిపివేయుదురు, పంక్తిని మఱచిపోరు. ఒక్క పంక్తిని గూర్చుండి యొక్క చేతివంట తిను బడిలో నొక్క శ్లోకమును చదువకున్నను ధర్మము బోధింపఁబడుచునే యున్నది.

ఇఁక మూఁడవ విషయము. మతములనుగూర్చిన తెలివిని బడినుండి తొలఁగింపుమని మేము చెప్పుట లేదు. అది చాలదనియే మా ఫిర్యాదు. పోతన భాగవతమును, వేమన పద్యములను విడిచి తెలుఁగు నేర్పుట సాధ్యము కాదు, నేర్పనక్కఱయు లేదు. బుద్ధుఁడును, మహావీరుఁడును, యేసును, మహమ్మదును, నానకును ఎవరో యెఱుఁగని విద్యార్థికి లోకచరిత్రము తెలిసినదనలేము. ఈ యెఱుకలేమియే పొరుగువానియందు భయమును, భయము ద్వేషమును పుట్టించుచున్నది. రాధాకృష్ణపండితుని యధ్యక్షతను 1948-49లోఁ గూడిన విశ్వవిద్యాలయసంఘమువారు మతగురువుల జీవితములను కళాశాలలలో జదివింపవలెననిరి. 1964-66 నాఁటి కొఠారీ సంఘమువారు మతమును బోధించుట వేఱు, మతములనుగూర్చి బోధించుట వేఱు అని స్పష్టముగా విడఁదీసిరి. మతములనుగూర్చి చదువుకొనుట రాజ్యాంగవిరుద్ధము కాదని 2002లో సర్వోన్నత న్యాయస్థానమువారు తీర్పిచ్చిరి. కావున శాసన మడ్డు లేదు. కావలసినది యుపాధ్యాయుని నాలుకపై నొక్క మెలకువ: వీ రిట్లు నమ్ముదురు అని చెప్పవలెను, మన మిట్లు నమ్మవలెను అని చెప్పరాదు. తన మతమునుగూర్చి చెప్పునప్పుడు గర్వమును, పరమతమునుగూర్చి చెప్పునప్పుడు వెటకారమును విడువఁజాలని యుపాధ్యాయుఁ డీ పాఠమును ముట్టకుండుటయే మేలు. ఏ మతస్థుని బిడ్డ యా తరగతిలోఁ గూర్చున్నను తనవారినిగూర్చి చెప్పిన మాటలు విని సిగ్గుపడక తల యెత్తుకొని యింటికిఁ బోఁగలిగినచో నా పాఠము సరియైన పాఠము.

అట్లయిన విశ్వాసము నెవరు బోధింపవలెను? ఫ్రాంసుదేశమున 1882లో ప్రభుత్వ ప్రాథమికపాఠశాలలనుండి మతబోధను తొలఁగించినప్పుడు, ఆదివారము గాక వారమున మఱియొక దినమునఁ గూడ బడికి సెలవిచ్చి, కోరిన తల్లిదండ్రులు పాఠశాలావరణము వెలుపలఁ దమ బిడ్డలకు మతమును చెప్పించుకొనవచ్చునని శాసించిరి. బడి తన హద్దు తెలిసికొని, తక్కిన కాలమును తల్లిదండ్రుల కప్పగించెను. మాకును సెలవుదినములు కలవు. ఆ దినములలో మన మేమి చేయుచున్నాము? బడిలో దేవుని పేరు వినఁబడుట లేదని వగచువారి యిండ్లలో నా పేరు భక్తితో నెన్నిమాఱులు వినఁబడుచున్నది? శ్రాద్ధమునకుఁ బురోహితుని పిలిచినట్లు బిడ్డల భక్తికి నుపాధ్యాయుని నియమించి తాము నిశ్చింతగా నుండవలెనని కోరుట పెద్దల కొక యలవాటైనది. తండ్రి కచ్చేరిలో లంచము పుచ్చుకొని యింటికి వచ్చి, బడిలో నీతి చెప్పుట లేదని నిట్టూర్చిన, బిడ్డ యే మాటను నమ్మవలెను?

కావున సంస్కారాభిలాషులగు గృహస్థులకు మేము విన్నవించునది యిది. వారమున నొక్క దినమేని బిడ్డలతోఁ గలిసి కూర్చుండి యుపాసన చేయుఁడు. అది చిన్నదైనను మనసార నుండవలెను. సమాజమందిరమున బాలురకుఁ బ్రత్యేకముగాఁ దరగతి పెట్టుఁడు. దానికి రాఁదలఁచినవారే రావలెను. బిడ్డ సందేహ మడిగినచో గద్దింపక, తెలిసినంత చెప్పి, తెలియనిదానిని తెలియదని యొప్పుకొనుఁడు. ఇతరమతస్థుఁడగు స్నేహితుని యింటికిఁ బండుగనాఁడు బిడ్డను వెంటఁబెట్టుకొని పొండు. ఊరి బడిలోఁ బంక్తిభేద మున్నచో దానిని తొలఁగించుటకుఁ బాటుపడుఁడు. ఈ పనులన్నియు ప్రార్థనగీతమును తరగతిలోఁ బెట్టించుటకంటెఁ గష్టమైనవి. ఫల మిచ్చునవియు నివియే.

1830వ సంవత్సరము జనవరి 8వ తేది వ్రాయఁబడిన మన సమాజమందిరపు దస్తావేజు, ఆ స్థలమున నే మతస్థుల పూజ్యవస్తువును దూషింపరాదని నియమించుచున్నది. మన మందిరమునకే మన మట్టి హద్దును వ్రాసికొంటిమి. సర్వజనులదగు పాఠశాలకు నంతకంటె విశాలమైన మర్యాద కావలదా? అంతర్యామియగు పరమేశ్వరుఁడు బిడ్డల హృదయమునఁ బ్రవేశించుటకు ప్రభుత్వమువారి సెలవు కోరఁడు. తలుపు లోపలినుండి తెఱవఁబడువఱకు వేచియుండును. ఆయన వేచియుండుచోట మనము తొందరపడి తలుపు విఱుగఁగొట్టకుందుము గాక. మన యిండ్లను భక్తికిని, మన బడులను న్యాయమునకును నెలవులుగాఁ జేయు బుద్ధిని, బలమును ఆ కరుణామయుఁడు మనకుఁ బ్రసాదించుఁ గాక.